ఉడుంతాత ముడి

పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరికే తలుపులూ కిటికీలూ ద్వారబంధాలూ కొని తెచ్చి, శుభ్రం చేసి, మళ్లీ అమ్మే అడితి అది. అందులో ముప్ఫై ఏళ్లుగా లారీలకు తాళ్లు బిగించే ముసలాయన్ని అందరూ ఉడుంతాత అనేవారు. కొంచెం వయసులో ఉన్నప్పుడు ఉడుంమామ, అంతకు ముందు ఉత్త ఉడుం. అతను తాడు చేతికి చుట్టుకుని, చక్రానికి కాలు తన్నిపెట్టి, ఒక్క గుంజు గుంజి ముడి వేశాడంటే దించేచోట కత్తితో కోసుకోవలసిందేగానీ విప్పడం ఎవరి తరమూ కాదని పేరు. అది కాస్త పెంచి చెప్పిన మాటే. కానీ మంచి పేరు ఊరికే వస్తుంటే ఎవరు వద్దంటారు? అతనూ వద్దనలేదు.

ఆ అడితిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎక్కడా రాసిపెట్టింది కాదు, ఉడుంతాత నోట్లోంచి పుట్టింది. ముడి వేసినవాడి తర్వాత దానిమీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. డ్రైవరైనా సరే, యజమానైనా సరే. ఇద్దరు చెయ్యి పెట్టిన ముడికి దిక్కుండదని, జారిన రోజున నువ్వంటే నువ్వని వేళ్లు చూపించుకోవడమే మిగులుతుందని అతను చెప్పేవాడు. వెనకటికి ఒక డ్రైవరు తెలియక అతని ముడిని సవరించబోయాడు. ఉడుంతాత లోడు మొత్తం విప్పి, దించి, మళ్లీ ఎక్కించి, మళ్లీ కట్టాడు. ఆ తర్వాత మూడు నెలలు తాత ఆ డ్రైవరు లారీని ముట్టుకోలేదు, అతని ముఖమూ చూడలేదు. చివరికి ఆ డ్రైవరే ఇంకో అడితి చూసుకున్నాడు. కొత్తగా ఎవరు పనిలో చేరినా, జీతం ఎంతో చెప్పేముందు ఈ కథ చెప్పేవారు.

ఉడుంతాతకు ఒక్కతే కూతురు. ఆమె మొగుడు అదే అడితిలో డ్రైవరు. ఉడుంతాతకు అల్లుడు కాబట్టి అడితంతా అతన్ని అల్లుడనే పిలిచేది. యజమానీ అల్లుడే అనేవాడు, గేటు దగ్గర కాపలావాడూ అల్లుడే అనేవాడు. "ఇంతమందికి అల్లుణ్ణయ్యాను, ఒక్క అత్తగారైనా టీ ఇచ్చిన పాపాన పోలేదు" అని అతను నవ్వేవాడు. మనిషి నెమ్మది. గొంతు పెద్దది చేసి ఎరగడు. అల్లుడూ మామా ఒకే ఇంట్లో ఉండేవారు. ముందు గదిలో కూతురు కాపురం, వెనక గదిలో తాత మంచం.

ఆ రోజు తాతకు పంటినొప్పి. ఎడమ దవడ బూరెలా ఉబ్బింది. పళ్ల డాక్టరు ఊరికి అవతలి కొసన ఉన్నాడు, అల్లుడి లారీ కూడా అటే వెళుతోంది. పద్దెనిమిది తలుపు రెక్కలు, నాలుగు ద్వారబంధాలు, వాటిపైన కిటికీ చట్రాలు. ఎప్పటిలా తనే కట్టాడు. కట్టి, చేతులు దులుపుకుని, వెళ్లి కేబిన్లో కూర్చున్నాడు. మామూలుగా అతను లారీ ఎక్కేవాడు కాదు, కట్టి పంపించడంతోనే అతని పని అయిపోయేది. అల్లుడు కిటికీ దగ్గరకొచ్చి, బస్సులో అయితే తొందరగా వెళతారు మామయ్యా అన్నాడు. ఇంట్లో లారీ పెట్టుకుని బస్సెక్కమంటావేమిటని తాత కండువాతో దవడ అదిమిపట్టుకుని కూర్చున్నాడు. అల్లుడు బండి తీశాడు.

దారిలో ఒక టీకొట్టు దగ్గర ఆపాడు. కిందికి దిగి, కాసేపటికి ఒక గ్లాసు టీ తెచ్చి మామగారి చేతికిచ్చాడు. వేడికి పన్ను కాస్త శాంతిస్తుందేమో చూడండన్నాడు. శాంతించలేదు. మళ్లీ బయలుదేరారు. పెద్ద వంతెన ఎక్కి దిగువకు వస్తుండగా ముందు చక్రం గుంటలో పడి లేచింది. పైన ఏదో రాసుకున్న చప్పుడయింది. ఆ చప్పుడు తాతకు తెలుసు. చెక్కమీద చెక్క జారే చప్పుడు అది. అల్లుడు బ్రేకు మీద కాలు వేసేలోపలే ఒక కిటికీ చట్రం, దాని వెనకే ఒక తలుపు రెక్క రోడ్డుమీద పడ్డాయి. వెనక స్కూటరు మీద వస్తున్న ఒకావిడ వాటిని తప్పించబోయి పడిపోయింది. భుజం విరిగింది, మోకాలు చిట్లింది. ప్రాణానికేమీ కాలేదు. ప్రాణానికేమీ కాలేదన్న మాటను ఆ సాయంత్రం పోలీసుస్టేషన్లో తాత ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు.

స్టేషన్లో కాగితాలు రాసే రైటరు మంచివాడే. తాతను బల్ల ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు, మంచినీళ్లు తెప్పించాడు. తాత మాత్రం ఒకటే మాట పట్టుకుని కూర్చున్నాడు.

"ముడి నాది బాబూ. నా పేరు రాయండి."

"నడిపింది ఎవరు?"

"అల్లుడు. కానీ కట్టింది నేను. అతను తాడు ముట్టుకోనే లేదు."

రైటరు ఆ కాగితాన్ని తాతవైపు తిప్పి చూపించాడు. "పెద్దాయనా, ఇదిగో చూడండి. నడిపినవాడికి ఒక గడి ఉంది. బండి యజమానికి ఒక గడి ఉంది. దెబ్బ తగిలినవాళ్లకి ఒక గడి ఉంది. ముడి వేసినవాడికి గడి లేదు. లేని గడిలో నేనెలా రాసేది?"

తర్వాత అతనే ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. లోడు కదలకుండా ఉందో లేదో బయలుదేరేముందు ఒకసారి, దారిలో ఇంకోసారి చూసుకోవలసిన పూచీ చట్టం ప్రకారం నడిపేవాడిదే. ఎవరు కట్టారన్నది చట్టానికి అక్కర్లేదు. కిందపడి ఎవరికీ ఏమీ కాకపోతే జరిమానాతో పోతుంది. మనిషికి దెబ్బ తగిలితే కోర్టు, ఆరు నెలల దాకా జైలు, లైసెన్సు రద్దు. తెలిసి కూడా నడిపాడని తేలితే ఆ శిక్ష బిగుసుకుంటుంది. ఇంతా చెప్పి, తాత మనసు నొప్పించకూడదని కాబోలు, మీ మాట కూడా రాస్తానన్నాడు. రాశాడు. కేబిన్లో డ్రైవరు పక్కన ఒక వృద్ధుడు కూర్చుని ఉన్నాడు అని రాశాడు.

యజమాని తన గడిలో పడ్డ జరిమానా కట్టి బయటపడ్డాడు. అల్లుడు పూచీకత్తు మీద ఇంటికొచ్చాడు. లైసెన్సు కోర్టులో ఉండిపోయింది కాబట్టి అడితిలోనే చెక్క చిత్రిక పట్టే పనిలో కుదురుకున్నాడు. ఇంట్లో ఎప్పటిలాగే ఉండేవాడు. పొద్దున్నే లేచి మామగారికి వేణ్ణీళ్లు పెట్టేవాడు, పన్ను ఎలా ఉందని అడిగేవాడు. పన్ను పీకించేసి చాలా రోజులయినా అడిగేవాడు. వేరే ఏం మాట్లాడాలో తోచక అడుగుతున్నాడని తాతకు తెలిసేది.

ఒక ఆదివారం తాత ఆస్పత్రికి వెళ్లాడు. పడిపోయినావిడ బడిలో టీచరు. ఆమె మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని, ఎడమ చేత్తో కాగితం మీద అక్షరాలు దిద్దుకుంటోంది. తాత తను ఎవరో చెప్పి, ముడి తనదేనని చెప్పి, కేసు వదిలెయ్యమని అడిగాడు. ఆమె కోప్పడలేదు. ఆ కేసు తను పెట్టింది కాదని, ప్రభుత్వం పెట్టిందని, తను వద్దన్నా ఆగదని చెప్పింది. తాత లేవబోతుంటే ఆమె ఇంకో మాట అంది.

"నవ్వుతూ మాట్లాడుతున్నానని అంతా సరిపోయిందనుకోకండి. నా కుడిచెయ్యి భుజం పైకి లేవదు. బోర్డు మీద రాయాలంటే చెయ్యి లేవాలి కదండీ."

తాత ఆమెకు దండం పెట్టి వచ్చేశాడు. దారిపొడుగునా తన కుడిచేతిని ఎత్తి దించి చూసుకుంటూ నడిచాడు. దారినపోయేవాళ్లు అతను ఎవరినో పిలుస్తున్నాడనుకున్నారు.

కూతురు కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టులో పనిచేసేది. వకీళ్ల కాగితాలన్నీ ఆమె చేతుల మీదుగా పోయేవి, అందుకే తమ కేసుకు ఒక నమ్మకమైన వకీలు దొరికాడు. విచారణకు పది రోజులు ఉందనగా పోలీసులు కోర్టులో వేసిన కాగితాల నకలు వచ్చింది. మధ్యాహ్నం కొట్టులో జనం లేని వేళ తాత వెళ్లి చదవమన్నాడు. కూతురు యంత్రం ఆపి, స్టూలు మీద కూర్చుని చదివింది. రోడ్డు కొలతలు, బండి నంబరు, పడ్డ వస్తువుల పట్టిక. ఒక పేజీ దగ్గరికొచ్చేసరికి కళ్లతో చూసి తిప్పేయబోయింది.

అదేమిటో చదవవే అన్నాడు తాత.

టీకొట్టు ఆవిడ వాఙ్మూలం అది. డ్రైవరు దిగి లోడు వెనక్కి వెళ్లాడు. తాడు పట్టుకుని రెండుసార్లు ఊపి చూశాడు. వదులుగా ఉందని దూరంగా ఉన్న నాకే కనిపించింది. తాడు చేతిలో పట్టుకునే కొంతసేపు నిలబడ్డాడు. కేబిన్ వైపు చూశాడు. తర్వాత తాడు వదిలేసి, టీ తీసుకుని వెళ్లిపోయాడు. అంతే ఉంది అందులో.

"కేబిన్లో ఏముందని చూశాడు?" అన్నాడు తాత.

కూతురు కాగితాలు సర్దసాగింది.

"నేనేగా ఉన్నది. దవడ పట్టుకుని కూర్చున్నాను. నన్ను చూడ్డమెందుకు?"

"పోనీ వదిలెయ్ నాన్నా."

"బిగించుకోవచ్చు కదా, వదులుగా కనిపిస్తే?"

ఆ మాట అన్నాకగానీ తను ఏమన్నాడో అతనికి తెలిసిరాలేదు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి అతని నోటివెంట ఆ మాట వచ్చింది. కూతురు తండ్రి ముఖం వంక చూసింది. ఇంక దాచి లాభం లేదనుకుందో, దాచి దాచి అలిసిపోయిందో, నెమ్మదిగా చెప్పింది.

"ఆయన రోజూ బిగించుకుంటారు నాన్నా. మూడేళ్లనుంచి. అడితి గేటు దాటి మలుపు తిరిగాక, పెట్రోలు బంకు పక్కన బండి ఆపి, నువ్వు కట్టినవన్నీ మళ్లీ గట్టిగా లాగి కట్టుకుని వెళతారు. నీకు తెలియకూడదని నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఆ రోజు నువ్వు బండిలో ఉన్నావు."

తాత చాలాసేపు యంత్రం మీద వెలుగుతున్న ఆకుపచ్చ దీపాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఎవరో నకళ్ల కోసం వచ్చారు. కూతురు లేచి వాళ్ల పని చూసి పంపించింది. మళ్లీ వచ్చి కూర్చునేసరికి కూడా అతను అలాగే ఉన్నాడు.

"నాకు ఒక్కమాట చెప్పి ఉండొచ్చు కదే."

"ఎలా చెప్పమంటావు? ఆ డ్రైవరు కథ నువ్వే కదా అందరికీ చెప్పేవాడివి. ఒకే ఇంట్లో ఉంటూ మూడు నెలలు ఆయన ముఖం చూడకుండా నువ్వు ఉండగలవు. ఆయన ఉండలేరు."

మర్నాడు అడితికి సెలవు. తాత కాపలావాడి దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని లోపలికి వెళ్లాడు. లోడు చేసి ఉంచిన లారీ ఒకటి ఉంది. తాడు తీసుకుని, పైనుంచి వేసి, కొక్కేనికి తగిలించి, చక్రానికి కాలు తన్నిపెట్టి గుంజాడు. ముడి వేశాడు. చూడ్డానికి ముప్ఫై ఏళ్లనాటి ముడిలాగే ఉంది. తర్వాత ఇన్నేళ్లలో తను ఎన్నడూ చెయ్యని పని చేశాడు. తాడు పట్టుకుని ఊపి చూశాడు. ఊయలతాడులా కదిలింది. మళ్లీ విప్పి కట్టాడు. మళ్లీ కదిలింది. మూడోసారి వేళ్లు తాడు చుట్టూ ముడుచుకున్నాయేగానీ, అవి ఎంత గట్టిగా పట్టుకున్నాయో అతనికే తెలియలేదు. గుండీలు చిన్నవి కుడుతున్నారని సాకు చెప్పి రెండేళ్లుగా గుండీల చొక్కాలు మానేశాడు. ఈమధ్య తాళ్లలో పస ఉండటం లేదని అడితిలో అందరితోనూ అన్నాడు. తాళ్లకేమీ కాలేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటారని సామెత. మూడేళ్లుగా ఆ చెట్టు తనే, అమ్ముకున్నదీ తనే. కాయలు మాత్రం అల్లుడివి.

అక్కడనుంచి తిన్నగా వకీలు ఇంటికి వెళ్లాడు. వకీలు పెరట్లో బట్టలు ఆరేసుకుంటున్నాడు. తాత వచ్చిన పని చెబుతుంటే తడిబట్ట భుజానవేసుకుని అలాగే విన్నాడు. తాత కోరింది ఒకటే. తనను బోనెక్కించాలి. తన చేతుల్లో పస లేదని, తనకు భయపడే అల్లుడు ఆ రోజు తాడు బిగించలేదని, తప్పంతా తనదేనని జడ్జిగారికి తన నోటితో చెప్పుకోవాలి.

వకీలు మెట్టుమీద కూర్చుని, తాతనూ కూర్చోమన్నాడు.

"మీరు చెప్పేది నిజమేనని నాకు తెలుసండీ. మీ అమ్మాయి నాకు మొదట్లోనే చెప్పింది. కానీ మీరు బోనెక్కి ఆ మాట అన్నారనుకోండి. అవతలివాడు లేచి ఏమంటాడు? మూడేళ్లుగా లోడు వదులుగా ఉంటోందని ఈ డ్రైవరుకు తెలుసు, తెలిసి ఒక్కరికీ చెప్పలేదు, తెలిసి ఆ రోజు రోడ్డెక్కాడు అంటాడు. ఇప్పుడు ఒక్కరోజు పొరపాటుగా ఉన్నది మూడేళ్ల నేరమవుతుంది. ఆరు నెలలూ పడతాయి, లైసెన్సు ఇంక జన్మలో తిరిగి రాదు."

"మరి టీకొట్టు ఆవిడ చెప్పింది కదండీ, కేబిన్ వైపు చూశాడని?"

"చూశాడనే చెప్పింది. ఎందుకు చూశాడో ఆవిడకి తెలియదు. తెలియకపోవడమే మనకు మేలు. ఆలస్యమవుతోందని కంగారుపడ్డాను అంటాడు మీ అల్లుడు. దానికి శిక్ష పడుతుంది, పడకపోదు. కాస్త తక్కువ పడుతుంది."

"అంటే నా కోసం అబద్ధం చెప్పి అతను జైలుకెళ్లాలి. నేను కూర్చుని చూడాలి."

"మీరు కోర్టుకు రాకపోతే ఇంకా మంచిది" అన్నాడు వకీలు. తర్వాత మాట మెత్తబరిచి, వస్తే మాత్రం వెనక బెంచీలో కూర్చోమన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ముందుకో వెనక్కో పడే వీలైనా దొరుకుతుంది అందులో. తాతకు అదీ లేదు. ఆ పది రోజులూ అల్లుడు ఎదురుపడినప్పుడల్లా ఏదో అనాలని నోరు తెరిచేవాడు. అల్లుడు ఏం మామయ్యా అనేవాడు. ఏం లేదనేవాడు. తనకు తెలిసిపోయిందని తెలిస్తే అతను ఇంకా కుంగిపోతాడని కూతురు మాట తీసుకుంది. ఒకనాడు అన్నం తింటుండగా తాత చేతిలో గ్లాసు జారి నీళ్లు ఒలికాయి. అల్లుడు చటుక్కున లేచి తుడిచాడు. గ్లాసుకు అడుగున తడి ఉందని, అందుకే జారిందని తప్పు గ్లాసు మీద పెట్టాడు. ఇన్నాళ్లూ ఇలాంటివి ఎన్ని మాటలు వింటూ వచ్చాడో, ఎన్నిటిని నిజమనుకున్నాడో తాతకు గుర్తు చేసుకోవడానికే భయమేసింది.

విచారణ రోజు కోర్టుహాల్లో ఫ్యాను పెద్ద చప్పుడు చేస్తోంది. తాత వెనక బెంచీలో కూర్చున్నాడు, పక్కన కూతురు. ముందు వరసలో టీచరమ్మ ఉంది. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని దానిమీద ఎడమ చెయ్యి వేసుకుంది. టీకొట్టు ఆవిడ వచ్చి రాసిచ్చినదే చెప్పి వెళ్లింది. చెప్పేటప్పుడు అల్లుడివైపు చూడలేకపోయింది. అతను ఆమెకు ఎన్నో ఏళ్ల ఖాతాదారు.

ప్రభుత్వం తరఫు వకీలు అల్లుడిని అడగడం మొదలుపెట్టాడు. అతను గట్టిగా కూడా అడగలేదు. రోజూ అడిగే ప్రశ్నల్లాగే అడిగాడు.

"తాడు ఊపి చూశావా?"

"చూశానండి."

"వదులుగా ఉందా?"

"కొంచెం ఉందండి."

"బిగించడం వచ్చా నీకు?"

"వచ్చండి."

"ఎంతసేపు పడుతుంది?"

అల్లుడు ఆలోచించి, రెండు నిమిషాలన్నాడు.

"రెండు నిమిషాలు. టీ తాగడానికి టైముంది. దీనికి లేదు. ఎందుకు బిగించలేదు?"

అల్లుడి కళ్లు హాలంతా తిరిగి వెనక బెంచీ దాకా వచ్చాయి. టీకొట్టు దగ్గర కేబిన్ వైపు ఎలా చూసి ఉంటాడో తాతకు అప్పుడు తెలిసింది. అందులో కోపం లేదు, భయమూ లేదు. నిద్రపోతున్న మనిషి మీదుగా దాటి వెళ్లవలసి వచ్చినప్పుడు చూసే చూపు అది.

"ఆలస్యమవుతోందనండి" అన్నాడు అల్లుడు.

తాత లేచి నిలబడ్డాడు. తను లేచినట్టు అతనికే తెలియదు. కూతురు అతని చొక్కా అంచు పట్టుకు లాగుతోంది. నోరు తెరిచాడు. ముడి నాది అనడానికి రెండే మాటలు కావాలి. ఆ రెండు మాటలకు అల్లుడి ఆరు నెలలు ఖరీదని, అతని స్టీరింగు ఖరీదని వకీలు లెక్క చెప్పి ఉన్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

జడ్జిగారు కళ్లజోడు మీదుగా చూసి, ఎవరాయన అని అడిగారు.

వకీలు లేచి, ముద్దాయికి మామగారండి, పెద్దవారు, వినికిడి తక్కువ అన్నాడు.

కూర్చోబెట్టండి అన్నారు జడ్జిగారు, దయగానే.

తాత కూర్చున్నాడు. అతని చెవులకు ఏ లోపమూ లేదు. ఆ తర్వాత జడ్జిగారు చదివిన ప్రతి మాటా వినిపించింది. తాడు వదులుగా ఉందని తెలుసుకుని కూడా, రెండు నిమిషాల శ్రమకు ఓర్చుకోక, రోడ్డుమీద పోయేవారి ప్రాణాలను లెక్కచెయ్యని మనిషి అని చదివారు. ఇలాంటి డ్రైవర్ల వల్లనే చట్టం ఇంత కఠినంగా చెయ్యవలసి వచ్చిందని చదివారు. మూడేళ్లపాటు రోజూ ఆ రెండు నిమిషాలు ఎవరికీ తెలియకుండా ఖర్చుపెట్టిన మనిషి చేతులు కట్టుకుని అదంతా విన్నాడు. నాలుగు నెలలు జైలు, రెండేళ్లు లైసెన్సు రద్దు. తలుపు రెక్క కింద పడినంత చప్పుడు కూడా కాలేదు. గుమాస్తా తరువాతి కేసు నంబరు పిలిచాడు.

టీచరమ్మ బయటికి వెళుతూ తాత దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఏదైనా అంటుందేమోనని అతను తలెత్తాడు. ఆమె ఎడమచేత్తో తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

బండి వచ్చేదాకా అల్లుడిని వరండాలో కూర్చోబెట్టారు. పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లు. ఇంటివాళ్లు ఐదు నిమిషాలు మాట్లాడుకోవచ్చన్నారు. కూతురు మొగుడి పక్కన కూర్చుని, అతని జేబులోంచి పర్సూ ఇంటి తాళంచెవీ తీసుకుంది. లోపల తిండి ఎలా ఉంటుందో, దుప్పటి ఇస్తారో లేదో ఏవో అడిగింది. నాలుగు నెలలేగా, బడికిచ్చే పెద్ద సెలవులనుకో అని అతను నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. ఏడవడం కనపడకూడదని, నీళ్లు తెస్తానని చెప్పి కుళాయి దగ్గరకు వెళ్లింది.

తాతా అల్లుడూ మిగిలారు. తాత అతని ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు.

అల్లుడు అర్థంకానట్టు చూడబోయాడు. చూడలేకపోయాడు. కుళాయి దగ్గర భార్య వీపు వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

"ఏది మామయ్యా?"

"మలుపు తిరిగాక బండి ఆపడం."

ఒక కానిస్టేబులు గడియారం చూసుకున్నాడు. వరండా చివర బండి వచ్చి ఆగిన చప్పుడయింది. అల్లుడు లేచి నిలబడ్డాడు. మామగారి కుడిచెయ్యి పట్టుకుని, ఆ వేళ్లను తన రెండు చేతుల్లో ఉంచుకున్నాడు. అతను ఎంత గట్టిగా పట్టుకున్నాడో తాతకు తెలియలేదు.

"మీ అమ్మాయి ఏదో పెంచి చెప్పి ఉంటుంది. ఎప్పుడైనా వాన పడ్డ రోజున చూసుకునేవాణ్ణి, అంతే. ఆ రోజు మీ ముడికేమీ కాలేదు మామయ్యా. తాడు పాతదైపోయింది."

ఆ తాడు అంతకు ముందు నెలలో కొన్నదే. కట్ట విప్పి, కొత్త తాడు వాసన చూసి, బాగుందని లారీకి కట్టింది ఉడుంతాతే. ఆ సంగతి అల్లుడికీ తెలుసు. పక్కనే ఉండి పట్టుకున్నాడు.

కానిస్టేబులు పద అన్నాడు. అల్లుడు కదలకుండా ముసలాయన ముఖంలోకి చూస్తున్నాడు, బదులు వింటేగానీ వెళ్లేలా లేడు.

"అవును అల్లుడూ, పాతదే" అన్నాడు తాత.

అల్లుడు తల ఊపి చెయ్యి వదిలాడు. కూతురు నీళ్లగ్లాసుతో వచ్చేసరికి బండి తలుపు వేసేశారు.